నాలుగు పెట్టెల బ్యాటరీలు

నా పని చిన్నది.
గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎంత కిందికి దిగిందో
మైకులో చదివి వినిపించడం.
ఆర్కిటిక్ వృత్తానికి పైన, ఫాక్స్ బేసిన్ ఒడ్డున
మూడొందల గడప మాది.
డిసెంబరులో సూర్యుడు ముఖం చూపించడు.
మాకు మంగళవారం అంటే సరుకు విమానం.

ఆనాటి సరుకు జాబితా నకలు ఇంకా నా సొరుగులో ఉంది.
నారింజలు, గుడ్లు, పసిపిల్లల డైపర్లు,
ఆర్నాక్ పెళ్లికి మూడంతస్తుల కేకు,
ఎవరో అప్పుచేసి తెప్పించుకున్న కుట్టుమిషను,
టార్చిలైటు బ్యాటరీలు నాలుగు పెట్టెలు.
ఆ చివరి పంక్తి దగ్గర
నా వేలు ప్రతిసారీ ఆగుతుంది.

"ఎలిసపీ, కాఫీ పెట్టు" అన్నాడు మార్సెల్ తిబో,
పన్నెండేళ్లుగా అదే మాట.
"ఒక జనరేటర్ అలిగింది. పర్లేదు, రెండోది ఉందిగా."
వెనక నుంచి కొత్తపిల్ల బ్రిన్ ఏవో అంకెలు చదువుతోంది.
నేను నీళ్లు పొయ్యి మీద పెట్టాను.

పదకొండు నిమిషాల తర్వాత
"రెండోదీ" అన్నాడు.
అంతే.
ఆ దీర్ఘం నా చెవిలో ఇంకా పూర్తి కాలేదు.

ఇంజన్లకు కరెంటు అక్కర్లేదట, తర్వాత తెలిసింది.
రెక్కల కింద పంఖాలు తిరుగుతూనే ఉన్నాయి,
లోపల ముళ్లన్నీ పడుకున్నాయి, దీపాలు పోయాయి,
నేను పిలిచిన పిలుపులన్నీ
ఒక చచ్చిన డబ్బా ముందు నిలబడి వెనక్కొచ్చాయి.
కరెంటు అడగనిది దిక్సూచి ఒక్కటే.
అదేమో మా దగ్గర తాగినవాడిలా తూలుతుంది,
ఉత్తరానికి మరీ దగ్గర చుట్టాలం మేం.

రన్‌వే దీపాలు వేశాను. చాలవు.
మొసేసీ ఎవరూ చెప్పకుండానే స్నోమొబైల్ తెచ్చాడు.
వాడి వెనక వాడి తమ్ముడు, బడి పంతులు,
రాత్రి దుస్తుల మీదే తోలుకోటు తగిలించుకున్న పాస్టరు భార్య.
ముప్పై ఒక్క బండి.
ముక్కులు మంచుదిబ్బల మీదికెక్కించి
వెలుగంతా ఆకాశం వైపు తిప్పారు.
మబ్బు తీసుకుంది.
చిల్లర కూడా తిరిగివ్వలేదు.

చెవులతోనే చూశాం.
ఒకసారి తూర్పు నుంచి, ఒకసారి నెత్తి మీద,
మూడోసారి ఎంత కిందికొచ్చిందంటే కుక్కలు లేచి నిలబడ్డాయి.
ఎవరో చేతులూపారు, ఎవరికి కనిపిస్తుందని.
తర్వాత మోత సముద్రం మంచు వైపు వెళ్లింది.
పడిన చప్పుడు వినలేదు ఎవరమూ.
చప్పుడు ఆగడం విన్నాం.

మధ్యాహ్నపు నీలివెలుగులో దొరికారు, తొమ్మిది మైళ్ల అవతల.
ఇద్దరూ సీట్లలోనే. బ్రిన్ ఒళ్లో
ఆరిపోయిన చేతిదీపం ఒకటి.
మంచు మీద ఎటు చూసినా నారింజలు.
ఎవరూ ముట్టుకోలేదని రాయాలనుంది.
ముట్టుకున్నాం.
మొసేసీ నాయనమ్మ రెంటిని గుండెకు పొదువుకుని కూచుంది
కరిగేదాకా, తినలేదు, ఇవ్వలేదు.

ఒట్టావా నుంచి వచ్చినాయన ఫోటో చూపించాడు.
తీగ మీద తొడుగు ఓ కొక్కేనికి రాసుకుని రాసుకుని,
ఎన్నేళ్ల వణుకో అది,
సీలు తోలు కుట్టే సూది బెజ్జమంత అరిగింది.
"ఇంతేనా?" అన్నాను.
ఆయన "ఇంతే" అనలేదు. ఫోటోను కవరులో పెట్టుకున్నాడు.

పెళ్లి జనవరిలో అయింది, కేకు లేదు.
కుట్టుమిషను ఎవరిదో ఇప్పటికీ ఎవరూ అడగలేదు.

బ్యాటరీలు మాత్రం చెక్కుచెదరలేదు.
వసంతంలో కోఆపరేటివ్ కొట్టువాళ్లు
సగం ధరకు అమ్మారు. నేనూ రెండు కొన్నాను,
ఎందుకు కొన్నానో అడగొద్దు.
రేడియో పక్కన టార్చిలో ఉన్నాయి.
మంగళవారాలు ఒకసారి నొక్కి చూస్తాను.
వెలుగుతుంది, ఏమీ ఎరగనట్టు.
వెంటనే ఆర్పేస్తాను.